పికప్‌కి ట్రాలీ తగిలించొచ్చా? లోడ్ బండి కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

ఈ రోజు ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క ప్రశ్న మీద.

మహానంది పక్క పల్లె నుంచి ఒక తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, మాకు మూడెకరాల అరటి ఉంది. ఇంట్లో ట్రాక్టర్, ట్రాలీ ఉన్నాయి. మా అన్న లోన్ పెట్టి పికప్ తీసుకుందాం అంటున్నాడు. దానికి మన ట్రాలీనే తగిలిస్తే ఒక్క ట్రిప్పులో డబుల్ లోడ్ పోతుంది, గిద్దలూరు వైపు బాడుగలు కూడా కొట్టొచ్చు అంటున్నాడు. ఏ పికప్ అయితే బాగా లాగుతుంది?"

ఆన్సర్ ముందే చెప్పేస్తా, వీడియో చివరిదాకా ఆగక్కర్లేదు. ట్రాక్టర్ ట్రాలీని పికప్‌కి తగిలించొద్దు. ఏ కంపెనీ బండి అయినా సరే. ఎందుకో తెలియాలంటే మాత్రం చివరిదాకా ఉండండి. ఎందుకంటే "వద్దు" అని చెప్తే మీ అన్న వినడు, లెక్క చూపిస్తే వింటాడు.

ఈ ఐడియా ఎక్కడి నుంచి వచ్చింది?

యూట్యూబ్ నుంచే. అమెరికాలో ఒకాయన ఫోర్డ్ ఎఫ్-150 వెనకాల పడవ కట్టుకుని పోతుంటాడు. సరిగ్గా ఎక్విప్ చేసిన ఎఫ్-150 దాదాపు 6 టన్నుల దాకా లాగుతుందని కంపెనీయే రాసిస్తుంది. మన డల్లాస్ తెలుగోళ్ల వీడియోల్లో కూడా చూసుంటారు. అది చూసి మనం అనుకుంటాం, పికప్ అంటే లాగే బండి అని.

కానీ అక్కడ ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉంటాయి. డ్రైవర్ పెడల్ తొక్కితే వైరు ద్వారా ట్రైలర్ చక్రాలకు కూడా బ్రేక్ పడుతుంది. వెనక ఇండికేటర్, బ్రేక్ లైటు, జాయింట్ ఊడితే పట్టుకోవడానికి సేఫ్టీ చైన్లు, అన్నీ ఉంటాయి. బండికి హిచ్ ఫ్రేముకు సరైన చోట బిగించి ఉంటుంది. 6 టన్నులు అనే నంబరు ఇంజిన్ ఒక్కదానిది కాదు, ఈ సెటప్ మొత్తానిది.

మన దగ్గర కథ వేరు. ఇక్కడ పికప్ అంటే మోసే బండి. లాగే బండి ట్రాక్టర్. ఈ రెండు మాటలు, మోయడం, లాగడం, విడివిడిగా అర్థం చేసుకుంటే సగం వీడియో అయిపోయినట్టే.

మోసే బరువు వేరు, లాగే బరువు వేరు

మోసే బరువును పేలోడ్ అంటారు. అంటే డాలాలో వేసేది. ఆ బరువంతా బండి ఇరుసులు, కమాన్లు, టైర్లు, బ్రేకుల మీదే పడుతుంది.

లాగే బరువు ట్రైలర్ చక్రాల మీద ఉంటుంది. కానీ అందులో కొంత భాగం హిచ్ దగ్గర మన బండి మీద కూడా పడుతుంది. దాన్ని టంగ్ వెయిట్ అంటారు. అమెరికాలో చెప్పే రూలు ఏంటంటే ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద ఉండాలి. 2 టన్నుల ట్రైలర్ అయితే 200 నుంచి 300 కిలోలు.

ఇదేదో కొత్త ఫిజిక్స్ అనుకోవద్దు. మన తాతలకు తెలిసిందే. ఎద్దుల బండికి మూటలు వేసేటప్పుడు ఏం చూస్తారు? బరువు ఇరుసుకు కాస్త ముందుకు ఉండేలా చూస్తారు. అంతా వెనక్కి వేస్తే నొగ పైకి లేస్తుంది, కాడికి కట్టిన తాడు ఎద్దు గొంతుకు పట్టేస్తుంది. మరీ ముందుకు వేస్తే కాడి మెడ మీద కూర్చుంటుంది, ఎద్దు నడవలేదు. ఆ కాడి మీద బరువే టంగ్ వెయిట్.

తేడా ఒక్కటే. ఎద్దుల బండి మెల్లగా పోతుంది, తప్పు చేస్తే ఆగి సర్దుకోవచ్చు. పికప్ అరవైలో పోతుంటే వెనక బరువున్న ట్రైలర్ పాము తోకలా అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. ఒకసారి ఊపు అందుకున్నాక స్టీరింగ్ తిప్పి సరిచేద్దాం అనుకుంటే ఇంకా పెరుగుతుంది. చివరికి ముందున్న బండిని కూడా పక్కకు లాగేస్తుంది.

బ్రోషర్‌లో ఏం చూడాలి?

మన దగ్గర అమ్మే లోడ్ బండ్ల బ్రోషర్ తీస్తే పెద్ద అక్షరాల్లో కనిపించేది పేలోడే. కొన్ని చూద్దాం.

టాటా ఏస్, అదే మన చోటా హాథీ. 2005లో వచ్చింది. ముప్పాతిక టన్ను బండి. టౌన్‌లో గ్యాస్ సిలిండర్లు, కిరాణా సరుకుకి సూపర్. అరటి లోడుకి చిన్నదైపోతుంది.

టాటా ఇంట్రా వీ50, 1,500 కిలోలు. అశోక్ లేలాండ్ దోస్త్ ప్లస్ కూడా ఆ చుట్టుపక్కలే.

మహీంద్రా బొలెరో మ్యాక్స్ పికప్‌లో 1.3 టన్నుల నుంచి 2 టన్నుల దాకా వెర్షన్లు ఉన్నాయి. 2023లో వచ్చిన హెచ్‌డీ 2.0 మోడల్‌కి 2 టన్నులు, డాలా దాదాపు 10 అడుగులు. టాటా యోధా 2.0 కూడా 2 టన్నులే, అది 2022లో వచ్చింది.

ఇంకో జాతి ఉంది. ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టొయోటా హైలక్స్. ఇసుజు అయితే మన శ్రీసిటీలోనే తయారవుతుంది. ఆస్ట్రేలియాలో డీ-మ్యాక్స్, హైలక్స్ రెండింటికీ బ్రేకులున్న ట్రైలర్ అయితే 3.5 టన్నుల దాకా లాగే రేటింగ్ ఉన్న వెర్షన్లు అమ్ముతారు. నిజంగా దమ్మున్న బండ్లు. కానీ హైలక్స్ 2022లో మన దగ్గరికి వచ్చినప్పుడు స్టార్టింగ్ ధరే 33.99 లక్షలు. అరటి గెలల మీద ఆ ఈఎంఐ తేలడం కష్టం బ్రో. పైగా ఆస్ట్రేలియా రేటింగ్ ఆస్ట్రేలియా బండికి, అక్కడి హిచ్‌కి, అక్కడి ట్రైలర్‌కి. ఇక్కడ మీ బండి మాన్యువల్‌లో ఏం రాసుందో అదే లెక్క.

రూల్ సింపుల్. మాన్యువల్‌లో లాగే బరువు అని నంబరు రాసి ఉంటే ఆ నంబరు వరకే. నంబరే లేకపోతే లాగే బరువు సున్నా అనుకోండి. షెడ్డులో వెల్డింగ్ పెట్టించి కొక్కెం తగిలించినంత మాత్రాన ఆ సున్నా మారదు.

ఆర్‌సీలో దాక్కున్న కిలోలు

ఆర్‌సీలో రెండు బరువులు ఉంటాయి. ఖాళీ బండి బరువు, లోడుతో కలిపి ఉండాల్సిన గరిష్ఠ బరువు. రెండోది మైనస్ మొదటిది, అంతే మీకు దొరికేది.

అది కూడా పూర్తిగా సరుకుకి కాదు. డ్రైవర్, పక్కన ఇద్దరు హమాలీలు కూర్చున్నారనుకోండి, 200 కిలోలు పోయాయి. కొన్నాక ఇనుప గ్రిల్లు, పైన ఫ్రేము, టార్పాలిన్ కట్టిస్తారు. అదో 150 కిలోలు అనుకుందాం. 1,500 కిలోల బండిలో చేతికి మిగిలింది 1,150. చాలామంది ఈ లెక్క వేయకుండానే డాలా నిండేదాకా వేస్తారు.

ఇక మీ లోడు బరువు. ఒక జీ-9 అరటి గెల సుమారు 25 కిలోలు అనుకుంటే 60 గెలలకే 1,500 కిలోలు. వడ్లు 75 కిలోల బస్తా అయితే 20 బస్తాలకే టన్నున్నర.

అసలు మోసం చేసేది రాయి. ఆళ్లగడ్డలో శిల్పాలు చెక్కే అన్నలకు ఇది బాగా తెలుసు. గ్రానైట్ ఘనపు అడుగు దాదాపు 76 కిలోలు. ఆరడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, ఒకటిన్నర మందం ఉన్న రాయి ఒకటి తీసుకోండి. డాలాలో ఒక మూలకు పడి ఉంటుంది, మిగతా అంతా ఖాళీగా కనిపిస్తుంది. కానీ అది 22.5 ఘనపు అడుగులు, అంటే 1,700 కిలోల పైమాట. అరటి లోడుకు డాలా చూసి బరువు అంచనా వేసే అలవాటు ఉన్నవాడు రాయి దగ్గర దెబ్బ తింటాడు. కాబట్టి ఒక్కసారైనా లోడుతో వేబ్రిడ్జి ఎక్కించండి. ఆ కాటా చీటీయే మీ బండికి జాతకం.

ఇక్కడ ఒకటి అడుగుతారు. "అన్నా, వెనక ఇంకో కమాను పట్టా వేయిస్తే సరిపోదా?" కమాను వేస్తే వెనక భాగం కిందకి వంగకుండా ఉంటుంది. అంతే. ఇరుసు అదే, టైర్లు అవే, ఫ్రేము అదే, బ్రేకులు అవే. బండి వంగితే కనీసం "ఎక్కువైంది" అని కంటికి తెలిసేది. కమాను ఆ వార్నింగ్‌ని కూడా ఆపేస్తుంది. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని ఎర్రర్ మెసేజ్ తీసేసి బగ్ పోయింది అనుకోవడం అంటాం.

ఘాట్ దగ్గర అసలు పరీక్ష

ఇప్పుడు గిద్దలూరు బాడుగల సంగతికి వద్దాం. నంద్యాల నుంచి గాజులపల్లె దాటాక నల్లమల మొదలవుతుంది. మలుపులు, ఎక్కుడు, దిగుడు, చుట్టూ అడవి. అందరూ అడిగేది "ఎక్కుతుందా?" అని. నేను అడిగేది "దిగుతుందా?" అని. ఎక్కలేకపోతే బండి ఆగిపోతుంది, అంతే. దిగేటప్పుడు ఆగకపోతేనే ప్రాణాలు పోయేది.

ఒక లెక్క చేద్దాం. బండి, లోడు కలిపి 3 టన్నులు. 100 మీటర్లు పోతే 6 మీటర్లు దిగే వాలు. స్పీడ్ 30. గాలి, టైర్ల రాపిడి కొంత ఆపుతాయి. అది తీసేశాక కూడా బ్రేకులు ఒక్కటే పట్టుకుంటే వాటిలో పుట్టే వేడి దాదాపు 12 కిలోవాట్లు. మన బాత్రూంలో గీజర్ 2 కిలోవాట్లు. అంటే ఆరు గీజర్లు ఒకేసారి ఆన్ చేసి ఆ వేడంతా నాలుగు చక్రాల బ్రేకుల్లో పోసినట్టు. అదీ దిగినంతసేపు.

ఇప్పుడు దీనికి బ్రేకుల్లేని ట్రాలీ తగిలించండి. ఖాళీ ట్రాక్టర్ ట్రాలీయే దాదాపు టన్ను ఉంటుంది, కొన్ని ఇంకా ఎక్కువ. అందులో 2 టన్నుల అరటి వేస్తే మొత్తం 6 టన్నులు. వేడి డబుల్, పన్నెండు గీజర్లు. బ్రేకులు మాత్రం అవే నాలుగు. కాసేపటికి లైనింగులు పట్టు వదిలేస్తాయి, బ్రేక్ ఆయిల్ మరిగితే పెడల్ మెత్తగా కిందకి పోతుంది. మలుపులో బ్రేక్ కొడితే వెనకున్న 3 టన్నులు ముందున్న బండిని తోస్తాయి. బండి మడత పడుతుంది. డ్రైవర్ ఎంత ఎక్స్‌పర్ట్ అయినా అక్కడ చేసేదేం లేదు.

మహానంది నుంచి నంద్యాల దాకా చదునైన రోడ్డే కదా అనొచ్చు. చదునుగా ఉన్నా స్పీడ్ ఉంటుంది. స్పీడ్ రెట్టింపైతే ఆపాల్సిన శక్తి నాలుగింతలు. ఎన్‌హెచ్ 40 మీద నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వైపు పోతుంటే ముందు గేదె అడ్డం వస్తే చాలు.

ట్రాలీ లేకుండా ఘాట్ దిగేవాళ్లకు కూడా రెండు మాటలు. ఏ గేర్లో ఎక్కుతారో ఆ గేర్లోనే దిగండి, ఇంజిన్ పట్టుకుంటుంది, బ్రేకులు చల్లగా ఉంటాయి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్ చేయడం, ఇంజిన్ ఆపడం చేయొద్దు. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టర్‌కి సాయం పోతుంది, పెడల్ రాయిలా అవుతుంది. పవర్ స్టీరింగ్ కూడా బిగుసుకుపోతుంది.

మరి ట్రాక్టర్ ఎలా లాగుతోంది?

మంచి ప్రశ్న. ట్రాక్టర్ బరువైన బండి, పెద్ద చక్రాలు, చాలా తక్కువ గేర్లు, అన్నిటికంటే ముఖ్యం, తక్కువ స్పీడు. వాన పడ్డాక నల్లరేగడిలో అరటి తోట లోపలికి పోయి గెలలు తెచ్చేది అదే. ఖాళీ పికప్‌కి వెనక బరువు ఉండదు, బురదలో చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. కాబట్టి పొలం నుంచి రోడ్డు దాకా ట్రాక్టర్‌ని మించింది లేదు.

కానీ దానికీ హద్దులున్నాయి. మామూలు ట్రాక్టర్‌కి బ్రేకులు వెనక చక్రాలకే. రెండు పెడళ్లు విడివిడిగా ఉంటాయి, రోడ్డెక్కే ముందు రెండిటినీ కలిపే లాక్ వేయాలి. లేకపోతే ఒక్క చక్రానికే బ్రేక్ పడి బండి తిరిగిపోతుంది. ట్రాలీని కింద ఉన్న డ్రాబార్‌కే తగిలించాలి. పైన టాప్ లింక్ దగ్గర కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. రాత్రి పూట ట్రాలీ వెనక ఎర్ర రిఫ్లెక్టర్ టేపు, లైటు తప్పనిసరి. చీకట్లో రోడ్డు పక్కన ఆపిన ట్రాలీ వెనకాల వచ్చే బైకు వాడికి కనపడదు.

ఇంకోటి. శివరాత్రికి మహానంది పోదామని ట్రాలీలో ముప్పై మందిని ఎక్కించే అలవాటు మనకుంది. ట్రాలీ సరుకు కోసం. ఏదైనా జరిగితే దెబ్బలతో పాటు బీమా గొడవ కూడా ఆ కుటుంబాల మీదే పడుతుంది.

పోలీసు, లైసెన్సు, ఫైను

2019 సెప్టెంబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం ఓవర్‌లోడ్ జరిమానా 20,000 రూపాయలు. పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ ఇంకో 2,000. ఎక్కువ సరుకు దించే ఖర్చు కూడా మనదే.

ఒక టన్ను ఎక్కువేశారు అనుకుందాం, 22,000. అదే టన్నుకి ఇంకో ట్రిప్పు వేస్తే ఎంత? పోను రాను 40 కిలోమీటర్లు, లీటరుకి 12 ఇచ్చినా మూడున్నర లీటర్ల లోపే. 350 రూపాయలు, పోనీ 400 అనుకోండి. ఒక్క ఫైను డబ్బుతో 55 ట్రిప్పుల డీజిల్ వస్తుంది.

లైసెన్సు విషయంలో గుడ్ న్యూస్ ఉంది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జిల బెంచ్ తీర్పు ఇచ్చింది. కారు నడిపే ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవాళ్లు మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న ట్రాన్స్‌పోర్ట్ బండి కూడా నడపొచ్చు, విడిగా ట్రాన్స్‌పోర్ట్ ఎండార్స్‌మెంట్ అక్కర్లేదు. మనం మాట్లాడుకున్న పికప్‌లన్నీ ఆ లోపే వస్తాయి. ప్రమాదకరమైన సరుకు మోసే బండ్లకు రూల్స్ వేరే.

ట్రైలర్ విషయం. చట్టం ప్రకారం ట్రైలర్ కూడా మోటారు వాహనమే, దానికీ రిజిస్ట్రేషన్ కావాలి. పొలం పనికని రిజిస్టర్ చేసిన ట్రాలీని తీసుకెళ్లి బాడుగ కొట్టే పికప్‌కి కడితే, యాక్సిడెంట్ రోజున బీమా కంపెనీ మొదట అడిగే ప్రశ్న అదే అవుతుంది.

సరే, తమ్ముడు ఏం కొనాలి?

మూడెకరాల అరటి. ఇంట్లో ట్రాక్టర్ ఉంది. కోతలు రోజూ ఉండవు. కాబట్టి మొదటి ప్రశ్న ఏ బండి అని కాదు, అసలు బండి కావాలా అని.

మీ సొంత సరుకు నెలలో నాలుగైదు ట్రిప్పులే ఉంటే కొనొద్దు. ట్రాక్టర్‌తో రోడ్డు దాకా తెచ్చుకోండి, అక్కడి నుంచి బాడుగ బండి మాట్లాడుకోండి. ఈఎంఐ నెల నెలా వస్తుంది, గెలలు నెల నెలా రావు.

మీ అన్న డ్రైవింగ్‌నే పనిగా పెట్టుకుంటాడు, ఊళ్లో పదిమంది రైతుల సరుకు ఖాయంగా దొరుకుతుంది అంటే అప్పుడు కొనండి. అరటి, కూరగాయలైతే పొడవు డాలా ఉన్న టన్నున్నర బండి చాలు. వడ్లు, సిమెంటు, రాయి బాడుగలు కూడా కొట్టాలంటే 2 టన్నుల వెర్షన్ చూడండి. వానాకాలం తోటల్లోకి దిగాల్సిందే అంటే ఫోర్ వీల్ డ్రైవ్ దొరుకుతుందా అడగండి. లేదంటే ఆ పని ట్రాక్టర్‌కే వదిలేయండి.

షోరూంకి పోయే ముందు ఈ ఐదు రాసుకుని పొండి:

1. నా మామూలు లోడు కాటా మీద ఎంత వచ్చింది?
2. గ్రిల్లు, మనుషులు తీసేస్తే ఈ బండిలో నాకు మిగిలే కిలోలు ఎన్ని?
3. నెలకు ఖాయంగా ఎన్ని ట్రిప్పులు? డీజిల్, ఈఎంఐ, బీమా, టైర్లు తీసేస్తే మిగిలేది ఎంత?
4. నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో సర్వీసు, స్పేర్లు దొరుకుతాయా?
5. టెస్ట్ డ్రైవ్ లోడుతో ఇస్తారా? ఖాళీ బండి ఎవరికైనా బాగానే నడుస్తుంది.

డబుల్ లోడ్ ఉంటే రెండు ట్రిప్పులు వేయండి. ఆలస్యం ఓ గంట అవుతుంది, అంతే.

తమ్ముడూ, ఈ వీడియో మీ అన్నకు చూపించు. ముఖ్యంగా గీజర్ల లెక్క దగ్గర ఆపి చూపించు. మీలో ఎవరైనా పికప్ నడుపుతుంటే మీ బండి, మీ లోడు, కాటా మీద వచ్చిన బరువు కామెంట్‌లో పెట్టండి. కొత్తగా కొనేవాళ్లకు నా మాటకంటే ఆ నంబర్లే ఎక్కువ పనికొస్తాయి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో సెకండ్ హ్యాండ్ పికప్ కొనేటప్పుడు ఫ్రేము కింద ఏం చూడాలో మాట్లాడుకుందాం. ఉంటా మరి, జాగ్రత్తగా నడపండి.